నమ్మదగిన నాన్న

అక్కా,

ఈ రోజు నీ సంవత్సరీకం. మాచర్లలో మన ఇంట్లో భోజనాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు.

నేను కథలు రాయడం నేర్చుకుంటున్నాను. పాఠాలు మెయిల్లో వస్తాయి. వీలున్నప్పుడు చదువుకుని, కథ రాసి పంపితే ఒక మేడం దిద్ది పంపుతారు. నువ్వుంటే నాకంటే ముందు నువ్వే చేరేదానివి.

మొదటి కథ నీ గురించే రాశాను. బావ దెబ్బలకు తాళలేక నువ్వు చిలకలూరిపేటలో బస్సెక్కి ఇంటికి రావడం, తెల్లారగానే నాన్న నిన్ను మళ్ళీ అక్కడే దింపి రావడం, నెల తిరక్కుండా నీ చావు కబురు రావడం, అంతా జరిగింది జరిగినట్టే రాశాను.

మేడం జవాబు పంపారు: "భాష బాగుంది. ఆ తండ్రి మాత్రం నమ్మేలా లేడు. ఒంటి మీద దెబ్బలు చూశాక కూతుర్ని ఏ తండ్రీ వెనక్కి పంపడు. మార్చి రాయండి."

చదివితే నవ్వొచ్చింది. ఆవిడ మన నాన్నను చూడలేదు కదా.

మార్చాను. ఈసారి నాన్న తలుపు తీసి, "ఇంక యాడికీ పోబాకమ్మా, ఇక్కడే ఉండు" అన్నాడు. నువ్వు అన్నం తిని పడుకున్నావు. ఇప్పుడు సహజంగా ఉందని మేడం మెచ్చుకున్నారు.

ఆ కథే ఇందాక నాన్నకు చదివి వినిపించాను. పేర్లు మార్చినా అది ఎవరి కథో ఆయనకు తెలిసింది. చివరిదాకా విన్నాడు.

"మొగుణ్ణొదిలేసి వచ్చిన పిల్లని ఇంట్లో పెట్టుకుంటే ఊళ్ళో ఏమనుకున్నారో రాయలేదేందే?" అన్నాడు.

కథలో నువ్వు బతికే ఉన్న సంగతి ఆయన చెవికెక్కనే లేదక్కా.