సున్నా కింద మార్కు

ఆదివారం రాత్రి, నాచారం

ఎంసెట్‌లో తప్పుకు మార్కు కోయరు. అందుకే మా సార్లు రెండేళ్లుగా ఒకటే నూరిపోశారు: "తెల్వకున్నా బబుల్ దిద్దు, ఏదో ఒకటి తగుల్తది."

ఇవాళ ఉప్పల్‌లో, ఎన్ఐటీ సీట్లకు రాసే ఏఐట్రిపుల్‌ఈకి మోడల్ పరీక్ష. అక్కడ తప్పుకు మార్కు కోస్తారు. తెలిసి కూడా, వార్నింగ్ బెల్లు కొట్టగానే నా చెయ్యి మిగిలిన బబుల్స్ అన్నీ దిద్దేసింది! ఇంటికొచ్చి కీ చూసుకుంటే ఫిజిక్స్‌లో మైనస్.

"సున్నా కన్నా తక్కువ ఎట్లొస్తది బిడ్డా? ఇంట్ల పండుకున్నా సున్నా వస్తుండె గద?" అన్నాడు నాన్న. ఒళ్లు మండింది.

రెంటిలో ఏ పరీక్షకు చదువుతానో రేపు కాలేజీలో చెప్పాలి. నాన్ననే అడిగాను.

"రెండూ రాయి. ఏదో ఒకటి తగుల్తది."

అచ్చం మా సార్ల మాటే! నన్ను సున్నా కిందికి దింపింది ఆ మాటే కదా నాన్నా...