కట్టెకూ అల్యూమినియానికీ ఒకే బిగింపు

దోహా, 2022 మార్చి 11, శుక్రవారం.

నా లెక్కలో తప్పు దొరికింది. అందుకే పాత వీలునామా రద్దు చేసి, ఆరాధన నుంచి రాగానే ఇది రాస్తున్నాను.

తాళ్లూరి సుకుమారి అనే నేను, కీర్తిశేషులు ప్రభుదాసు గారి భార్యను, విశ్రాంత లెక్కల టీచరును, వయసు డెబ్బై నాలుగు. ఈ ఉదయం పదిహేడో ఎక్కాన్ని ఇరవై నుంచి వెనక్కి చెప్పుకున్నాను, తడబడలేదు. కనుక బుద్ధి స్థిమితంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలవారు ఈ ఇంట్లో లేరని నా కోడలు సునంద ప్రమాణం చేసి చెప్పగలదు.

1. ఈ వీలునామాకు అమలుదారు నా కుమారుడు విద్యాసాగర్. మెసయీద్‌లో డ్యూటీ ఉందనీ, ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం రోడ్లన్నీ మళ్లించారనీ సాకులు చెప్పరాదు. నవంబరు దాకా ఆ రోడ్లు అలాగే ఉంటాయి.

2. నా మనవలు కాల్చే రైఫిలు, బోల్టు లాగి ఒక్కొక్క తూటా ఎక్కించేది, నాది కాదు, షూటింగ్ క్లబ్బుది. దానిని ఎవరికీ రాసివ్వలేను. దాని ఇనుప భాగాన్ని ఒడిలో పెట్టుకునే స్టాకు ఒక్కటే నాది. అది వాల్‌నట్ కట్టె. క్లబ్బులో తుపాకుల మిస్త్రీగా ఉన్న నా భర్త, మనవరాలు ఫెబి పదహారో ఏట ఆమె భుజం కొలిచి చెక్కారు. మనవడు జెర్రీకి చెక్కలేదు. ఇద్దరిలో ఒకరికే ఇవ్వడం అన్యాయమని తొమ్మిది రోజులు ఆయనతో మాట్లాడలేదు. పదో రోజున ఆయనే అన్నారు: "కట్టెని భుజం చూసి చెక్కుతారే, వాటాలు చూసి కాదు."

3. జెర్రీ పెద్దవాడై, స్టేడియంలో కుర్చీలు బిగించే కంపెనీలో చేరి, మొదటి బోనసుతో అల్యూమినియం ఛాసిస్ కొన్నాడు. అదీ స్టాకు పని చేసేదే. చెంప ఆనించే మెత్తను పైకీ కిందికీ జరపవచ్చు, వెనుక భాగాన్ని భుజానికి తగినట్టు పొడవు చేయవచ్చు, సముద్రపు తేమకు ఉబ్బదు. ఇవి దాని సుగుణాలు. కట్టె కంటే ఏడు వందల గ్రాములు బరువు, ఎండలో చెంప కాలుతుంది. ఇవి దుర్గుణాలు. తాతయ్య కట్టెను మంచం కోడుకు వాడుకొమ్మని జెర్రీ అన్నాడు. "నీ ఛాసిస్ మీద జూలైలో దోసె పోసుకో అన్నయ్యా" అని ఫెబి అంది. మూడు నెలలు ఇదే గోల. భోజనాలు చల్లారిపోతుంటే భరించలేక నేను తీర్పు చెప్తానన్నాను.

4. జనవరిలో పరీక్ష పెట్టాను. అదే రైఫిలు, అవే తూటాలు, వంద మీటర్లు, కాల్చినవాడు జెర్రీయే. ఐదేసి తూటాల చొప్పున పదేసి గుంపులు. రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో నేనే కొలిచాను. సగటున ఛాసిస్‌కు పందొమ్మిది మిల్లీమీటర్లు, కట్టెకు ముప్పై నాలుగు. ఛాసిస్ మేలని నోటుపుస్తకంలో రాసి సంతకం చేశాను. ఫెబి, "మామ్మా, నువ్వు కొలిచాక ఇంక నేనేం మాట్లాడను" అంది. మర్నాడు క్లబ్బు లాకరు తాళంచెవి తిరిగి ఇచ్చేసింది. ఆనాటి నుంచి రైఫిలు ముట్టలేదు.

5. మొన్న సోమవారం నోటుపుస్తకం క్లబ్బు ఆయుధాగారం చూసే ఖుత్బుద్దీన్ కంట పడింది. రెండు గళ్లలోనూ, రైఫిలును స్టాకుకు పట్టి ఉంచే మరల బిగింపు అరవై ఐదు అంగుళ-పౌండ్లు అని ఉంది. అంత బిగించమని నేనే పట్టుబట్టాను. ఇద్దరికీ ఒకటే లెక్క అనేది నా నియమం. ఆయన అంకెలు చూసి, "ఛాసిస్‌కు అరవై ఐదు సరే. కట్టెకు గంత బిగిస్తే ఎట్లమ్మా? నలిగిపోతది. నలభై చాలు" అన్నాడు. నలభైకి తగ్గించి ఒక గుంపు కాల్చి తెచ్చాడు. ఇరవై ఒకటి. ఒక్క గుంపుతో తీర్పు చెప్పను. కానీ నా పాత తీర్పు చెల్లదు.

ఇదే మనిషిని, ఇద్దరికీ ఒకే కొలత స్వెట్టర్లు అల్లాను. ఫెబి మూడు చలికాలాలు అందులో మునిగి తిరిగింది.

6. కనుక, అన్నీ చెరిసగం అన్న పాత నిబంధన రద్దు. కట్టె స్టాకు ఫెబికి. మళ్లీ పెట్టే పరీక్షలో గెలిచినా ఓడినా ఆమెదే. జెర్రీకి నా కొలిచే కాలిపరూ, మర ఎంత బిగిసిందో అంకెలో చూపే వాళ్ల తాత టార్క్ రెంచీ. బిగించే ముందు దేనికెంతో అడగడం వాడూ నేర్చుకోవాలి. పిల్లలిద్దరికీ సరిసమానంగా మిఠాయి తూచి పంచిన నా త్రాసు విద్యాసాగర్‌కు. సునందకు నా వంటగది పూర్తిగా, సలహాలు లేకుండా.

7. ఖుత్బుద్దీన్‌కు నా భర్త చేతి గడియారం ఇవ్వాలనుకున్నాను. సాక్షికి ఏమీ రాయకూడదట. ఈ సంగతి ఆయన సంతకం పెట్టాక చెప్పండి.

ఇక జరగవలసినవి:

1. ఆటల ఏర్పాట్ల వల్ల క్లబ్బు పోటీని ఈ నెల 25కు ముందుకు జరిపారు. పేర్లు ఇవ్వడానికి 17 ఆఖరు. 15న ఖుత్బుద్దీన్ ఛాసిస్‌ను అరవై ఐదుకు, కట్టెను నలభైకి బిగించాలి.

2. ఈసారి రెండింటితోనూ జెర్రీ, ఫెబి ఇద్దరూ కాల్చాలి. జెర్రీ నోరు మూసుకుని కాల్చాలి.

3. నోటుపుస్తకంలో పాత పేజీ చింపరాదు. అడ్డంగా గీత కొట్టి, "పరీక్ష తప్పు, పెట్టింది సుకుమారి" అని రాయాలి.

4. పోటీకి ఫెబి పేరు ఎవరూ ఇవ్వరాదు. ఇచ్చేదీ మానేదీ ఆమె ఇష్టం.

5. తప్పు నాదని ఫెబికి, జెర్రీ ఎదుట, చెప్పాలి. ఈ పని అమలుదారుకు అప్పగించడం లేదు. ఇవాళ మధ్యాహ్నం అన్నం వడ్డించే ముందు నేనే చెప్తాను.

(సంతకం) తాళ్లూరి సుకుమారి
2022 మార్చి 11

సాక్షులు:
మహమ్మద్ ఖుత్బుద్దీన్, షూటింగ్ క్లబ్బు ఆయుధాగారం
మాలతి, పక్క ఫ్లాటు