ప్రారంభోత్సవం కాని మేడ మీదికి నలభై ముగ్గురు ఆడపిల్లలను ఎక్కించిన సంగతి

శ్రీయుత రిజిస్ట్రార్ గారి సముఖమునకు,
విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణం.

మార్కాపురం వైపు పీజీ కేంద్రంలో బాలికల వసతి గృహానికి పన్నెండేళ్లుగా మేట్రన్‌గా పనిచేసి, ప్రస్తుతం విచారణ ముగియువరకు విధులకు దూరముగా ఉంచబడిన బోగోలు రోశమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తుఫాను రోజున వసతి గృహపు పై అంతస్తు తాళము పగులగొట్టుట, రిబ్బను తెగుట, నాలుగు గంటల నివేదిక పంపకపోవుట గురించి నాకిచ్చిన మెమోకు సంజాయిషీ, మరికొన్ని మనవులు.

1. నేను బేస్తవారిపేట మండలంలో వాన మీద ఆధారపడిన మూడెకరాల చేను గల కుటుంబానికి చెందినదానను. ఇంటర్మీడియట్ చదివాను. మా వైపు వాన పడితే జనం లోపలికి పోరు, బయటికి వచ్చి చూస్తారు. తుఫానుల విషయంలో నాకు తగిన అనుభవం లేదని మెమోలో వ్రాసినది వాస్తవమే. అనుభవం లేదు కనుకనే తమరు పంపిన సర్క్యులర్‌ను పూర్తిగా నమ్ముకున్నాను.

2. ఇరవై ఒక్క అంశములు గల ఆ సర్క్యులర్ సోమవారం ఉదయం చేరినది. విద్యార్థినులు బీచ్ వైపు పోరాదని మొదటి అంశం. సముద్రం మాకు బస్సులో నాలుగు గంటల దూరం. అయినా పిల్లలందరినీ భోజనాల హాలులో కూర్చోబెట్టి చదివి వినిపించి, బీచ్‌కు పోమని సంతకాలు తీసుకున్నాను. పడవలను గట్టుకు కట్టి ఉంచవలెనని నాలుగో అంశం. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు పంపే నివేదికలో పడవల గడిలో ‘లేవు’ అని వ్రాశాను. వెంటనే ప్రధాన ప్రాంగణం సెక్షన్ నుంచి బ్రహ్మం గారు ఫోను చేశారు.

“రోశమ్మ గారూ, ‘లేవు’ అంటే కంప్యూటర్ తీసుకోవట్లేదండీ. ‘సురక్షితం’ అని రాసేయండి.”

“లేని పడవలు ఎట్ల సురక్షితం సార్?”

“లేనివాటికి ఏమవుతుందమ్మా? సురక్షితమేగా.”

సోమ, మంగళవారాలు రెండు రోజులూ మన కేంద్రంలోని పడవలు సురక్షితంగా ఉన్నట్లు నివేదిక పంపాను.

3. తొమ్మిదో అంశం ప్రకారం ఎవరూ వసతి గృహం విడిచి ఇంటికి పోరాదు. పన్నెండో అంశం ప్రకారం అందరూ కింది అంతస్తులోనే ఉండవలెను. పద్నాలుగో అంశం ప్రకారం గదుల్లో ఉన్నవారు లోపలి నుంచి గడియ వేసుకొనవలెను. గాలికి ఇవన్నీ మంచి జాగ్రత్తలే. మా వద్ద భయం గాలిది కాదు.

మన వసతి గృహం వెనక గోడను ఆనుకుని ముళ్లవాగు ఉన్నది. నేను చేరిన నాటి నుంచి అందులో నీళ్లు చూడలేదు. సాయంత్రాలు పిల్లలు అందులో వల కట్టుకుని బ్యాడ్మింటన్ ఆడతారు. వంటమనిషి పిచ్చమ్మత్త పక్క ఊరి మనిషి, అరవై రెండేళ్లది. చిన్నప్పుడు అక్కడే మేకలు కాసింది. మంగళవారం ఆకాశం చూసి ఆమె నాతో అన్న మాట ఇది:

“రోశమ్మా, మనం వాగు పారే దారిలో కూచోనుండాం. అది వస్తే మనల్ని అడిగి రాదు.”

ఈ సంగతి డిప్యూటీ వార్డెన్, విపత్తు సన్నద్ధత కమిటీ కన్వీనర్ అయిన గురునాథం గారికి ఫోనులో చెప్పాను. “వాగుల గురించి సర్క్యులర్‌లో ఏమీ లేదు కదమ్మా,” అన్నారు. తిరిగి చదివాను. నిజంగానే లేదు.

4. పై అంతస్తు గురించి తమకు తెలియనిది కాదు. పదహారు గదులు, ఫ్యాన్లు, కొళాయిలతో పూర్తయి పద్నాలుగు నెలలు అయినది. ముఖ్య అతిథి గారి తేదీ దొరకనందున ప్రారంభోత్సవం కాలేదు. మెట్ల మొదట్లో ఇనప గేటుకు తాళం, మెట్ల చివర ఎర్ర రిబ్బను. తాళంచెవి గురునాథం గారి వద్ద. వారు బుధవారం వేరే నగరంలో విపత్తు సన్నద్ధత మీద జరుగు వర్క్‌షాపులో ఉన్నారు.

5. మంగళవారం సాయంత్రం పట్టిన వాన బుధవారం కూడా వదలలేదు. ఉదయం పది గంటలకు వెనక గోడ వరకు నీళ్లు వచ్చాయి. ఫోను చేశాను.

“సార్, ఎనక గోడకాడికి నీళ్లు వచ్చినాయి. పై అంతస్తు తాళంచెవి యాడుంది సార్?”

“నా దగ్గరే భద్రంగా ఉంది రోశమ్మా, కంగారు పడొద్దు.”

“మీ దగ్గరుంటే మేమెట్ల తీసేది సార్?”

“ఓపెనింగ్ కాకుండా ఎవరూ ఎక్కకూడదమ్మా. పెద్దాయన రాకముందే మనం వాడేస్తే ఏం బాగుంటుంది? రాతపూర్వకంగా పెట్టు, చూస్తాను. ఇప్పుడు నా ప్రెజెంటేషన్ ఉంది.”

రాతపూర్వకంగా పెట్టాను. వాట్సాప్‌లో ఫోటో పంపినది పది యాభైకి. పదకొండు అయిదుకు రెండు గీతలూ నీలం రంగుకు మారాయి. చూస్తానన్నారు, చూశారు. వారి మాటలో లోపం లేదు.

6. మొదటి అభియోగం, తాళం. పన్నెండున్నరకు వెనక గోడ కూలినది. అప్పటికి పన్నెండో అంశం ప్రకారం పిల్లలను కింది అంతస్తు హాలులో చాపల మీద కూర్చోబెట్టి ఉన్నాను. నీళ్లు కూడా కింది అంతస్తుకే వచ్చాయి. సర్క్యులర్ నా చేతిలోనే ఉన్నది. ఏ అంశం వర్తిస్తుందో వెతుకుచుండగా పిచ్చమ్మత్త వంటింట్లోంచి వచ్చింది.

“ఏందే తల్లీ, కాగితం చూస్తా నిలబడితివి? నీళ్లు వంటింటి కడప దాటినాయి. పట్టు ఇది!”

నా చేతిలో కాగితం తీసుకుని ఇనప రోకలి పెట్టింది. తాళం అయిదో దెబ్బకు ఊడినది. మెమోలో ‘పలుమార్లు విచక్షణారహితంగా’ అని ఉన్నది. అయిదు అని సవరించగలరు.

7. రెండో అభియోగం, రిబ్బను. ముందు ఎక్కినది ఎం.కామ్ చదువుతున్న అమూల్య. గిద్దలూరులో బట్టల దుకాణం వారి పిల్ల. మెట్ల చివర ఆగిపోయి అరిచింది.

“అక్కా, రిబ్బనుంది! ఏం జెయ్యాల?”

“తెంపబాకండి! వంగి పొండి!”

అయ్యా, మోకాళ్ల వరకు నీళ్లలో నిలబడి నేను అన్న మాట అది. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. పన్నెండేళ్లు ఉద్యోగం చేస్తే నోటికి అవే మాటలు వస్తాయి కాబోలు. పిల్లలందరూ ఒక్కొక్కరే వంగి, రిబ్బను కింద నుంచి దూరి వెళ్లారు. ఒక్కరి భుజం కూడా దానికి తగలలేదు.

చివర పిచ్చమ్మత్త వచ్చింది, చంకలో అన్నం గిన్నెతో. ఆమెకు మోకాళ్ల నొప్పులు. “వంగితే మళ్లీ లేవలేను నేను,” అని తిన్నగా నడిచింది. రిబ్బను తెగినది. ఆమె తెంపలేదు, నడిచినది. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఒకరు ఫోనులో తీశారు. అది తమ వరకు వచ్చినట్లున్నది. మెమోలో ‘హేళనగా చప్పట్లు’ అని వ్రాశారు. హేళన కాదయ్యా. బాగా భయపడిన పిల్లలు ఒక్కోసారి అట్లా నవ్వుతారు.

8. ఇక్కడ వ్రాయబోవునది మెమోలో లేదు. అడగలేదు కనుక చెప్పనవసరం లేదు. అయినా వ్రాస్తున్నాను.

పైన పిల్లలను లెక్కపెట్టాను. నలభై రెండు. మళ్లీ పెట్టాను. నలభై రెండు.

లేనిది స్రవంతి. అర్ధవీడు పిల్ల, ఎం.ఏ. మొదటి సంవత్సరం. తల్లిదండ్రులు కూలి పనులకు వేరే రాష్ట్రం పోయినారు. ఆ పిల్లకు రెండు రోజులుగా జ్వరం. పొద్దున మాత్ర వేసి ఆరో నంబరు గదిలో పడుకోబెట్టినది నేనే. ‘గడియ వేసుకో తల్లీ’ అని బయట నిలబడి, గడియ పడిన చప్పుడు విని మరీ వెళ్లినది నేనే. పద్నాలుగో అంశం. హాలులో గందరగోళంలో ఆ పిల్లను మరచిపోయినది కూడా నేనే. విచారణ జరపదలచినచో దీని మీద జరపగలరు. దీనికి నా వద్ద సంజాయిషీ లేదు.

రోకలి తీసుకుని దిగాను. అమూల్య నా వెంట దిగింది. పొమ్మన్నాను, పోలేదు. నీళ్లు నడుము దాటాయి. నాకు ఈత రాదు. మా మండలాల్లో ఎవరికీ రాదు, నేర్చుకోవడానికి నీళ్లేవీ? కిటికీ చువ్వలు ఒక్కొక్కటే పట్టుకుని ఆరో గది వరకు పోయాము.

“స్రవంతీ! గడియ తియ్యి!”

“రావడం ల్యాదక్కా! బిగుసుకుపోయింది!”

“మంచమెక్కు! తలుపుకాడ నిలబడబాక!”

ఎన్ని దెబ్బలు కొట్టానో ఇక్కడ మాత్రం చెప్పలేను. తలుపు విరిగి, నీళ్లతో పాటు మేమిద్దరం లోపలికి పడ్డాము. ఆ పిల్ల మంచం మీద నిలబడి ఉన్నది. నెత్తి మీద సర్టిఫికెట్ల ఫైలు రెండు చేతులా పట్టుకుని ఉన్నది.

“అక్కా, ముందు ఇవి పట్టుకో. తడిస్తే మా నాయనకు ఏం చెప్పాల?”

“నీకేమన్నా అయితే మీ నాయనకు నేనేం చెప్పాల? దిగు!”

అమూల్య ముందు, స్రవంతి మధ్యలో, నేను వెనక. వరండాలో నీళ్లకు కొట్టుకొచ్చిన ఇనప బీరువా నా చెయ్యిని చువ్వలకేసి కొట్టింది. కుడిచేతి రెండు వేళ్లు విరిగాయి. ఈ అర్జీలో అక్షరాలు వంకరగా ఉండుటకు కారణం అదే, మన్నించగలరు. ఫైలు తడవలేదు.

9. మూడో అభియోగం, నాలుగు గంటల నివేదిక. సరిగ్గా నాలుగుంబావుకు బ్రహ్మం గారి ఫోను.

“రిపోర్ట్ రాలేదండీ రోశమ్మ గారూ.”

“నీళ్లు వచ్చినాయి సార్. కింద అంతా మునిగింది. మేం పైనుండాం.”

“నీళ్లకు గడి లేదమ్మా ఇందులో. గాలి ఎలా ఉందో చెప్పండి.” అంతలో గొంతు తగ్గించి అడిగారు. “పిల్లలు అందరూ ఉన్నారా?”

“నలభై ముగ్గురూ ఉండారు సార్.”

“హమ్మయ్య. మిగతాది నేను రాసుకుంటాను. పడవల సంగతి నాకొదిలేయండి.”

వారు ఆ సంఖ్యను సూచనల గడిలో వ్రాశారట. ఆ పుట్టెడు కాగితాలలో నిజం అదొక్కటే కనుక దయచేసి ఆయన మీద చర్య తీసుకోకుండా ఉండగలరు. మరుసటి ఉదయం నీళ్లు తగ్గినాక పక్క ఊరి రైతులు ట్రాక్టర్లు తెచ్చి పిల్లలను ఊళ్లోకి చేర్చారు. అప్పటి వరకు అందరం పిచ్చమ్మత్త తెచ్చిన గిన్నెడు అన్నమే తలా ఒక ముద్ద తిన్నాము.

10. తరువాత పదకొండో రోజున కేంద్రంలో సభ జరిగినది. ముందస్తు సన్నద్ధత వలన ఒక్క ప్రాణం కూడా పోలేదని ప్రకటించి గురునాథం గారికి శాలువా కప్పారు. నేను కూడా వెనక వరుసలో కట్టు ఉన్న చేత్తో వీలైనంత చప్పట్లు కొట్టాను. సభ ముగిసి బయటికి రాగానే నాకు మెమో అందినది. పేరు నాదే అవునో కాదో రెండుసార్లు చూసుకున్నాను.

కనుక మనవి చేయునది ఏమనగా, నా ఉద్యోగం సంగతి తమ దయ. అడిగే హక్కు ఉన్నదో లేదో తెలియని కాంట్రాక్టు మనిషిని. కానీ కింది అంతస్తు కడిగి, సున్నం కొట్టి, పిల్లలను మళ్లీ అక్కడే ఉంచారు. పై అంతస్తుకు కొత్త తాళం వేశారు. కూలిన గోడ చోట నీలం ప్లాస్టిక్ పట్టా కట్టారు. పట్టా వాగును ఆపదు. కొండల దాపున ఉన్న కేంద్రానికి వేరే సర్క్యులర్ వ్రాయించండి. అందులో వాగు అన్న మాట ఒక్కసారైనా ఉండాలి. జ్వరంతో ఉన్న పిల్లను ఒంటరిగా గడియ వేసి ఉంచకూడదని వ్రాయించండి. వ్రాసేవారు ఒకసారి ఇక్కడికి వచ్చి, పిచ్చమ్మత్తను అడిగి వ్రాస్తే మేలు. ఆమెకు చదువు రాదు, చెబుతుంది.

తీరిక చూసుకుని చిత్తగించవలెనని కోరను. మళ్లీ మబ్బు పట్టేలోగా చిత్తగించవలెను.

ఇట్లు,
ఇప్పటికీ తమ విధేయురాలనే అనుకుంటున్న,
బోగోలు రోశమ్మ,
మేట్రన్ (విధులకు దూరం).

తా.క.: కవరు అంటించబోతుండగా అమూల్య ఫోను చేసింది. మళ్లీ అల్పపీడనమట.

“అక్కా, పొద్దున్నించి ముసురు వదల్లా. కొత్త మేట్రన్ ఇంగా రాలా. గురునాథం సార్ ఫోన్ ఎత్తడం ల్యా. స్రవంతి వణికిపోతాంది. ఏం జెయ్యమంటావు?”

విధులకు దూరంగా ఉంచబడినదానను కనుక సలహా ఇచ్చే అధికారం నాకు లేదు. ఇచ్చాను. ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది, బేస్తవారిపేట బస్టాండులో నిలబడి ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను. ప్రాంగణంలో అడుగు పెట్టరాదని మెమో చివరి పేరాలో ఉన్నది. చదివాను, అర్థమైంది. బస్సు వచ్చింది. ఈసారి మెమో ఇంటికి పంపవద్దు, హాస్టల్‌కే పంపండి. అక్కడే ఉంటాను.