లక్క సీలు వేసిన హబ్ పెట్టె

రెండో తేదీ

హబ్ తయారీదారుల ఫిర్యాదుల విభాగం వారికి,

అయ్యా,

మీ ఏడు రంధ్రాల యూఎస్‌బీ హబ్ ఒకటి కొన్నాను. కొనమని మీరు నా ఇంటికొచ్చి చెప్పలేదు కాబట్టి అంతవరకు తప్పు నాదే. తర్వాతి తప్పులన్నీ మీవి.

నేను ఒక దినపత్రికలో ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాను. ఇప్పుడు ఒక పుస్తకం రాశాను. పేరు 'నేను దిద్దకుండా వదిలిన తప్పులు'. నలభై ఒక్క అధ్యాయాలు, అధ్యాయానికి ఒక మనిషి. మొదటి అధ్యాయం మా సంపాదకుడు. ముప్పయ్యో తేదీన ఆయనకు సన్మానం. ఆ సభ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ నా పుస్తకం పంచాలి. అందుకు ఇరవయ్యో తేదీలోగా అది ప్రెస్సుకు చేరాలి. చేరేముందు కాగితం మీద ఒకసారి దిద్దుకోవాలి. తెర మీద నాకు తప్పులు దొరకవు.

నా కంప్యూటరు పాతది. అందులో పనిచేసే యూఎస్‌బీ రంధ్రం ఒక్కటే. పుస్తకం పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ పెడితే ప్రింటరుకు చోటు లేదు, ప్రింటరు పెడితే పెన్‌డ్రైవ్‌కు చోటు లేదు. రెంటికీ చోటిస్తుందని మీ హబ్ తెచ్చాను. పెట్టగానే తెర మీద 'ఈ పరికరాన్ని గుర్తించలేకపోయాం' అని వచ్చింది. మూడు రోజులుగా అదే మాట. ఇంత నిలకడగా ఒకే మాట మీద నిలబడ్డవాణ్ణి మా పత్రికాఫీసులో నేను చూడలేదు.

వెంటనే పరిష్కారం తెలపండి.

ఇట్లు,
మోసపోయిన వినియోగదారుడు

తా.క.: హబ్‌తో వచ్చిన సూచనల కాగితంలో ఇరవై మూడు తప్పులున్నాయి. దిద్ది, దీనికి జతపరిచాను. కృతజ్ఞతలు అక్కర్లేదు. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది.

---

ఐదో తేదీ

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. మాకు ఫోన్లు వస్తాయి, మెయిళ్లు వస్తాయి, ఉత్తరం రావడం ఇదే మొదలు. ఉత్తరానికి ఉత్తరంతోనే జవాబివ్వాలని మా నిబంధనల్లో ఉందట. ఆ నిబంధన వెతకడానికి ఒక పూట, కవరు వెతకడానికి ఇంకో పూట పట్టాయి. ఆలస్యానికి మన్నించండి.

దయచేసి ఇలా చేయండి. కంప్యూటరు పూర్తిగా ఆపి, హబ్ తీసి, మళ్లీ పెట్టి చూడండి. కాకపోతే కంప్యూటరులో పరికరాల జాబితా తెరవండి. హబ్ పక్కన పసుపు రంగులో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది. ఆ వరుస తీసేసి, కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టండి. హబ్‌ను అప్పుడే కొత్తగా చూసినట్టు చూస్తుంది. అప్పటికీ కాకపోతే, హబ్ వచ్చిన పెట్టెలో వస్తువులన్నీ ఉన్నాయో లేదో చూసి రాయండి.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క.: నేను 'అయ్యా'ను కాదండీ, అమ్మాయిని. 'విభాగం వారు' అంటే కూడా నేనొక్కదాన్నే.

---

ఎనిమిదో తేదీ

అమ్మా,

మీరు చెప్పినవన్నీ చేశాను. ఆశ్చర్యార్థకం కనిపించింది. డబ్బులిచ్చి కొన్నవాణ్ణి నేనుండగా ఆశ్చర్యపోయే హక్కు దానికి ఎవరిచ్చారు? తీసేశాను. కంప్యూటరు మళ్లీ లేచింది, హబ్‌ను కొత్తగా చూసింది, కొత్తగా గుర్తించలేదు.

పెట్టె చూడమన్నారు. కుదరదు. హబ్ పనిచేయదని తేలిన పది నిమిషాలకే దాని పెట్టెను దారంతో కట్టి, ముడి మీద లక్క కరిగించి సీలు వేశాను. మా అక్కా, కింది వాటాలో ఉండే దర్జీ ఇద్దరూ సాక్షి సంతకాలు చేశారు. రేపు మీరే 'అది మా పెట్టె కాదు' అంటారు. ఇలాంటి మాట నాతో ఇదివరకు ముగ్గురన్నారు. పన్నెండు, పదమూడు, ఇరవై తొమ్మిది అధ్యాయాలు చూడండి. అంటే, అచ్చయ్యాక.

ఇరవయ్యో తేదీ ఎంతో దూరంలో లేదు. ముప్పై ఒక్క ఏళ్లు మింగిన మాటలు ఒక్క రంధ్రం దగ్గర ఆగిపోయాయి. నా ఓపికకూ హద్దుంది. నలభై రెండో అధ్యాయం మీ కంపెనీకి కేటాయించాను.

ఇట్లు,
ఓపిక ఇంకా చిటికెడు మిగిలిన వినియోగదారుడు

తా.క.: మా మేనల్లుడు ఆరేళ్ల తర్వాత గడప తొక్కాడు. చేతిలో పళ్ల సంచీ. "మామయ్యా, ఒంట్లో ఎలా ఉంది, పుస్తకం ఎంతవరకొచ్చింది?" అని రెండు ప్రశ్నలూ ఒక్క గుక్కలో అడిగాడు. వాడు ఏడో అధ్యాయం. పుస్తకం సంగతి మా అక్క నోటి నుంచి ఊళ్లోకి పొక్కినట్టుంది. హబ్ వల్ల ఆగిందని చెప్పాను. "అయ్యో!" అన్నాడు. అంత సంతోషంగా అయ్యో అన్న మనిషిని నేను చూడలేదు.

---

పన్నెండో తేదీ

పెద్దాయన గారికి,

నమస్కారం. సంగతి అర్థమైంది. పాత కంప్యూటరు ఇచ్చే కరెంటు ఈ హబ్‌కు చాలదు. విడిగా ఇవ్వాలి. అందుకే పెట్టెలో ఒక అడాప్టరు పెట్టాం. అడుగున, అట్ట కింద ఉంటుంది. ఒక కొస గోడకు, ఒక కొస హబ్‌కు. రెండు నిమిషాల పని.

ఈ సంగతి సూచనల కాగితంలో నాలుగో అంశంగా రాశాం. మీరు దిద్ది పంపిన కాగితం తీసి చూశాను. నాలుగో అంశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టేసి, పక్కన 'అనవసరం, చోటు దండగ' అని రాశారు.

దయచేసి సీలు తీయండి. అది ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. ముందు పెన్‌డ్రైవ్ పెట్టి, పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించండి. తర్వాత పెన్‌డ్రైవ్ తీసేసి, అదే రంధ్రంలో ప్రింటరు పెట్టండి. హబ్ అవసరమే ఉండదు. ఇలా చెప్పానని మా అమ్మకాల విభాగానికి తెలియనివ్వకండి.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం అమ్మాయి

తా.క.: నలభై రెండో అధ్యాయం సంగతి మా మేనేజరుకు చెప్పాల్సి వచ్చింది. కుర్చీలోంచి లేచారు. "నా గురించేనా?" అన్నారు. "కాదండీ, కంపెనీ గురించి" అన్నాను. "కంపెనీ అంటే నేనే కదమ్మా!" అన్నారు. నన్ను 'అమ్మా' అనడం నాలుగేళ్లలో ఇదే మొదలు. ఇన్నాళ్లూ చిటికేసి పిలిచేవారు.

---

పదిహేనో తేదీ

అమ్మాయీ,

నాలుగో అంశం కొట్టేసింది నేనే. ఒప్పుకుంటున్నాను. దిద్దడం నా వృత్తి, ఆచరించడం చదివేవాళ్ల పని.

అయినా సీలు తీయను. తీశాక అడుగున అడాప్టరు లేదనుకో, నేనే దాచానంటారు. ఉందనుకో, నేనే మూర్ఖుణ్ణంటారు. రెండు విధాలా నాకే నష్టం. మీ కంపెనీ ప్రతినిధి ఎదుట, ఇద్దరు సాక్షుల ముందు తప్ప ఆ లక్క పగలదు. దర్జీకేమో ఈ నెలంతా తీరిక లేదట.

ఇక పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించమన్నావు. దొంగ చేతికి తాళాలివ్వమన్నట్టుంది! మేనల్లుడు రోజూ సాయంత్రం వచ్చి, "మీకు సాయం చేద్దామని మామయ్యా" అంటూ ఆ కంప్యూటరు ముందే కూర్చుంటున్నాడు. పెన్‌డ్రైవ్‌ను తాడు కట్టి మెడలో వేసుకున్నాను. స్నానానికి వెళ్లేటప్పుడు అక్క మెడలో వేస్తున్నాను.

ప్రెస్సు యజమాని పాతికో తేదీ వరకు ఆగుతానన్నాడు. పాపం, ఆయన పద్దెనిమిదో అధ్యాయం. ఇంకా తెలియదు.

కాబట్టి నిదానంగానే ఆలోచించి జవాబు రాయి.

ఇట్లు,
న్యాయం కోసం ఎదురుచూస్తున్న వినియోగదారుడు

తా.క.: ఇరవై రెండేళ్ల కిందట నా నిఘంటువు పట్టుకెళ్లిన లైబ్రేరియన్ నిన్న దాన్ని తెచ్చి ఇచ్చాడు, కొత్త అట్ట వేయించి మరీ. తెరిచి చూస్తే మొదటి పాతిక పేజీలు నలిగాయి, తక్కినవి ముట్టుకున్న పాపాన పోలేదు. మా పత్రికకు పంపే అతని రచనలు చదివినప్పుడే నాకీ అనుమానం ఉండేది. అతను వెళ్లాక మా అక్క, "ఒరేయ్, నువ్వు రిటైరైన రోజు కూడా ఇంతమంది రాలేదురా. ఆ పెట్టె చేసిన పుణ్యం నీ ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం చెయ్యలేదు" అంది. అక్కకు నోరెక్కువ. ముప్పయ్యో అధ్యాయం.

---

పంతొమ్మిదో తేదీ

బాబాయి గారికి,

ఇలా పిలిచినందుకు ఏమీ అనుకోకండి. మీరు 'అమ్మాయీ' అన్నాక 'వినియోగదారు గారు' అనడానికి చెయ్యి రావడం లేదు.

శుభవార్త. కంపెనీ ప్రతినిధి కావాలన్నారు కదా, ఇరవై మూడో తేదీ ఉదయం పది గంటలకు మా టెక్నీషియన్ మీ ఇంటికి వస్తాడు. కొత్త హబ్, రెండు అడాప్టర్లు తెస్తాడు. ఇవన్నీ మేనేజరు గారి ఆదేశాలు. పని పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదలొద్దని అతనికి చెప్పారు. దర్జీ గారికి తీరిక లేకపోతే సాక్షి సంతకం టెక్నీషియనే చేస్తాడు. మీ పుస్తకం పాతికో తేదీకి ప్రెస్సుకు చేరే పూచీ నాది.

అంతమంది తప్పులు దిద్దినవారి మాట ఒక అడాప్టరు వల్ల ఆగిపోకూడదు. నాకైతే మొదటి అధ్యాయం చదవాలని ఉంది.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క.: మేనేజరు గారి కోపం గురించి రాసేటట్లయితే 'ముక్కుసూటి మనిషి' అని మార్చడానికి వీలవుతుందేమో అడగమన్నారు. నా కుర్చీని దస్త్రాల గది నుంచి కిటికీ పక్కకు మార్పించారు.

---

ఇరవై ఒకటో తేదీ

తల్లీ,

టెక్నీషియన్‌ను పంపొద్దు. నీకు దణ్ణం పెడతాను, పంపొద్దు.

నీ ఉత్తరం అందగానే తలుపు గడియ వేసి, సీలు నేనే పగలగొట్టాను. అట్ట కింద అడాప్టరు ఉంది. గోడకు పెట్టాను. హబ్ మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. కంప్యూటరు గుర్తించింది. ఇన్నాళ్ల కాపురంలో ఏ గొడవా జరగనట్టు గుర్తించింది. పెన్‌డ్రైవ్ ఒక రంధ్రంలో, ప్రింటరు ఇంకో రంధ్రంలో. మొదటి అధ్యాయం ఒక్కో పేజీ బయటికి రాసాగింది.

ఐదో పేజీ వస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు సందులోంచి చూశాను. మా సంపాదకుడు! రెండు మోకాళ్లూ అరిగిన మనిషి, ఇరవై రెండు మెట్లు, మెట్టుకోసారి ఆగుతూ ఎక్కుతున్నాడు. అప్పుడు నేను చేసిన పని ఏమిటో తెలుసా? హబ్ తీగ పీకేశాను. ఆ ఐదు పేజీలూ పరుపు కింద దూర్చాను.

"ఏమోయ్, అదింకా గుర్తించలేదా?" అన్నాడు, గుమ్మంలోనే రొప్పుతూ.

"లేదండీ" అన్నాను.

"పోనీలే, తొందరేముంది? మంచి పుస్తకం నిదానంగానే రావాలి. చదరంగం బల్ల ఉందా?"

మూడు గంటలు కూర్చున్నాడు. మూడు ఆటలు ఓడిపోయాడు. ఒక్క కామా తీయడానికి కూడా నా మాట వినని మనిషి! వెళ్తూ వెళ్తూ, "ముప్పయ్యో తేదీన నువ్వు గుమ్మంలో నిలబడటమేమిటి, వేదిక మీద నా పక్కన కూర్చో" అన్నాడు. రేపు మళ్లీ వస్తానన్నాడు. ఎల్లుండి లైబ్రేరియన్ వంతు.

నేను మోసపోవడం లేదమ్మా. వీళ్లు నా కోసం రావడం లేదు, వాళ్ల వాళ్ల అధ్యాయాల కోసం వస్తున్నారు. అయినా వస్తున్నారు. నా భార్య పోయాక ఈ గదిలో అక్క దగ్గు, కింద కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పుస్తకం వచ్చేస్తే వీళ్లలో ఒక్కడూ రాడు. ఎప్పటికీ రాదని తెలిసినా ఒక్కడూ రాడు. అది వస్తూ ఉండాలి.

అందుకని ఒక్క ఉపకారం చేయి. ఈ హబ్ నా కంప్యూటరుతో పనిచేయడం లేదని మీ కంపెనీ కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపు. గోడకు తగిలించుకుంటాను. నా ఫిర్యాదు వెనక్కి తీసుకోలేను కానీ, నలభై రెండో అధ్యాయం రాయనని మాటిస్తున్నాను.

ఇట్లు,
మీ హబ్‌తో ఎంతో తృప్తిగా ఉన్న, ఆ మాట బయటికి చెప్పుకోలేని
నీ బాబాయి

తా.క.: ఈ ఉత్తరం మేనల్లుడి చేతే పంపుతున్నాను. కవరు మీద లక్క సీలు ఉంది, చూసుకో. పగిలి ఉంటే ఏడో అధ్యాయానికి ఇంకో నాలుగు పేజీలు కలుపుతాను.

---

ఇరవై నాలుగో తేదీ

బాబాయి గారికి,

సీలు పగల్లేదు. కవరును వెలుతురుకు ఎత్తి చూసినట్టు మాత్రం వేలిముద్రలున్నాయి.

టెక్నీషియన్‌ను ఆపేశాను. మీరడిగిన పత్రం జతపరిచాను. 'ఈ హబ్‌ను ఈ కంప్యూటరు గుర్తించడం లేదు. కారణాలు పరిశీలనలో ఉన్నాయి. పరిశీలన ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేము' అని రాశాను. మన వస్తువు పనిచేయదని మనమే రాసివ్వడానికి మేనేజరు గారు ఒప్పుకోరని భయపడ్డాను. "ఈ పత్రం ఇస్తే పుస్తకం ఆగుతుందండీ" అన్నాను. చదవకుండానే సంతకం పెట్టారు. ఎన్నేళ్లకు కావాలో కనుక్కోమన్నారు.

మీరు మాత్రం ఆ ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలి. నలభై రెండో అధ్యాయం లేదని తెలిసిన మరుక్షణం నా కుర్చీ మళ్లీ దస్త్రాల గదిలోకి పోతుంది. రెండుసార్లు కాదన్న సెలవు నిన్ననే మంజూరు చేశారు. కాబట్టి మీ ఫిర్యాదును నేను మూసేయడం లేదు. నెలకొక ఉత్తరమైనా రాస్తూ ఉండండి. కాస్త కోపంగా రాయండి, మేనేజరు గారికి చూపించాలి.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క.: నలభై రెండో అధ్యాయానికి పనికొస్తుందని మా మేనేజరు గారి గురించి నాకు తెలిసినవన్నీ రాసి పంపుతున్నాను. ఆరు పేజీలు. అచ్చు వేయక్కర్లేదు బాబాయ్, తప్పులుంటే దిద్దండి చాలు.