ఎండుమట్టల మోపు

అమ్మా,

మొన్న మనింట్లో గోబర్ గ్యాస్ పొయ్యి వెలిగింది. మంట నీలంగా ఉంది, పొగ లేదు. నువ్వుంటే కళ్లు ఎర్రబడకుండా అన్నం వండేదానివి. పక్కింటి మరియమ్మకు గేదెలు లేవు, గ్యాసూ లేదు. నీలాగే తోటల్లో రాలిన కొబ్బరి మట్టలు ఏరుకొచ్చి వండుకుంటుంది.

ఈ ఉదయం ముక్తేశ్వరం బడికి పాఠం చెప్పడానికి వెళ్తుంటే అరుపులు వినిపించాయి. పన్నెండేళ్ల కిందట ఒక మోపు మట్టల కోసం నిన్ను కొట్టి చంపిన తోటలోనే, కొత్త కాపలావాడు మరియమ్మను జుట్టు పట్టి ఈడుస్తున్నాడు. ఆమె నోటి నుంచి రక్తం కారుతోంది.

"వదిలెయ్" అన్నాను.

"గ్యాసు పొయ్యి పెట్టించుకున్నారు గదండీ టీచరుగారూ, మట్టల గొడవ మీకెందుకండీ?" అని నవ్వి, ఆమె డొక్కలో తన్నాడు.

మోపులోంచి ఒక మట్ట లాగి దాని మొదలుతో అతని ముఖం మీద కొట్టాను. పళ్లు రాలాయి. కింద పడ్డాక కూడా కొడుతూనే ఉన్నాను. చివరికి మరియమ్మే నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"చాలండమ్మా, సచ్చిపోతాడండి."

అతను బతికే ఉన్నాడు. రేపు పోలీసులు వస్తారట. కొట్టానని ఒప్పుకుంటాను. నిన్ను చంపినవాణ్ణి అప్పుడు ఒక్కరూ అడగలేదని కూడా చెబుతాను.

ఒక్క మాట మాత్రం నీకే చెప్పాలి. మొదటి దెబ్బ మరియమ్మ కోసం. కింద పడ్డాక వేసిన దెబ్బలు నీకోసమని అనుకున్నాను. కాదమ్మా. ఆ రోజు కాలేజీ పుస్తకాలు గుండెకు హత్తుకుని, గట్టు మీదే నిలబడి, నోరు విప్పకుండా చూసిన నా మీద వేసుకున్నాను.