ఐరాల అమ్మ మొక్కు

జూలై 7, సోమవారం

నా పేషెంట్! నా సొంత పేషెంట్! క్యాన్సర్ వార్డుకు వచ్చిన వారానికే సార్ ఒకామెను నాకు అప్పగించారు. "మందు గురించి నువ్వే చెప్పు, సంతకం తీసుకో. వచ్చే వారం గురువారం మొదలుపెడదాం." పైకి బుద్ధిగా తలూపి, లిఫ్ట్‌లో ఒక్కదాన్నే ఎగిరాను. పేరు ఇక్కడ కూడా రాయను. ఊరు ఐరాల కాబట్టి ఐరాల అమ్మ, అంతే. రొమ్ములో గడ్డ. ఊళ్ళో చెరకు తోట, రెండు ఆవులు. అరవై ఏళ్ళ వయసులో అంత ఒత్తు జడ నేనెక్కడా చూడలేదు.

జూలై 8

కొడుకు వరండాలో ఆపాడు. "మా యమ్మకు ఆ జబ్బు పేరు చెప్పద్దండి మేడమ్. ఉత్త గడ్డ అని చెప్పినాము. తెలిస్తే ఈడనే కూలబడిపోతాది. సంతకం నేను పెడతా." మంచి కొడుకే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సార్ దగ్గరికి పరిగెత్తాను.

"స్పృహలో ఉన్న మనిషికి కొడుకు సంతకం ఎందుకమ్మా? అలాగని బలవంతంగా చెప్పకు. ఎంత తెలుసుకోవాలనుందో ముందు ఆమెనే అడుగు."

జూలై 9

అడగబోయాను... ఆమే మొదలుపెట్టింది. "యా ఊరు పాపా మీది?" మదనపల్లె అన్నాను. "నయమైతే కొండకొచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కుకోనుండాను." జడ ముందుకు వేసుకుని చూపించింది. "ఇదంతా ఆయనదే."

మొదటి విడత మందుకే జుట్టు ఊడుతుంది. దిండు మీద రాలిన వెంట్రుకలు మొక్కు కిందికి వస్తాయా? అడగాల్సింది అడగకుండానే వచ్చేశాను.

జూలై 10

నర్సు సరళక్కను అడిగాను — నయం కాకముందే మొక్కు తీర్చుకోవచ్చా? "నన్నడిగితే ఏం లాభం? మొక్కుకున్నది ఆయమ్మ. మార్చుకోవాల్సింది కూడా ఆయమ్మే."

అంతే! ఇదే! మార్చుకోవాలంటే ఎందుకో తెలియాలి కదా! సంతోషం పట్టలేక సరళక్కను వాటేసుకున్నాను, చేతిలో ట్రే పడబోయింది, తిట్టింది. రూల్స్ చెబితే కొడుకు వినడు. ఇది వింటాడు.

జూలై 11

వినలేదు. "మా మొక్కుల సంగతి మీకేం తెలుస్తాది మేడమ్? మీ తురకోళ్ళలో అయ్యన్నీ లేవు గదా."

లేవా! నా ప్రతి పరీక్షకూ మా అమ్మీ దర్గాకు చాదర్ మొక్కుకుంది. నేను డాక్టరయ్యేలోపు ఇచ్చిన చాదర్లతో అక్కడ బట్టల కొట్టు పెట్టొచ్చు. ఒళ్ళు మండింది. కోపం దిగమింగుకున్నాను. "నాకు తెలీదు కాబట్టే మీ అమ్మను అడగనివ్వు. ఆమె వద్దంటే ఒక్క ముక్క చెప్పను."

దానికో షరతు పెట్టాడు. "నేను పక్కనుండాల."

ఉండు నాయనా!

జూలై 12

అడిగాను. "అమ్మా, నీ జబ్బు సంగతి ఉన్నదున్నట్టు నీకు చెప్పమంటావా, నీ కొడుక్కి చెబితే చాలా?"

కొడుకు వైపు చూసింది. "నాకే చెప్పు. దేవునితో మాట్లాడుకున్నది నేను గదా."

చెప్పాను. జబ్బు పేరు. మందు. జుట్టు సంగతి... కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు ఏడ్చింది కొడుకు. వాడి వీపు నిమురుతూ కూర్చుంది. నిమురుతూనే అడిగింది — "మందు ఎప్పుడు?"

గురువారం.

"అంతలోపల కొండకు పోయొస్తా. నేను ముందే ఇచ్చేస్తే, మాట నిలబెట్టుకోవాల్సింది ఇంక ఆయనే."

ఏం గడుసు మనిషి! కూలబడిపోతుందట!

జూలై 13

సార్ సరేనన్నారు. తలకు గాటు పడకూడదు, జనంలో మాస్క్ తీయకూడదు. వార్డంతా నేనే తిరిగి చెప్పినట్టున్నాను, సరళక్క నవ్వుతోంది.

జూలై 17, గురువారం

వచ్చారు. రెండు గుండ్లు! తల్లీ కొడుకూ, గంధం వాసన. జడ లేకపోతే మెడ ఎంత సన్నమో. లడ్డూ తెచ్చింది, చేతిలో పెట్టేయలేదు — "తింటావా పాపా?" అని అడిగింది. తిన్నాను.

సంతకం తనే పెట్టింది. సూది గుచ్చబోతే నా చెయ్యి పట్టుకుంది. "ఇది పనిచేస్తాదా?"

కొడుకు నా మొహంలోకే చూస్తున్నాడు. ఔననడం ఎంత తేలిక!... "చాలామందికి చేస్తుంది. నీకు చేస్తుందో లేదో నాకింకా తెలీదమ్మా."

గుండు తడుముకుంది.

"సరే. ఎక్కించు."