ఇఫ్తార్ వేళ ఊడదీసిన తీగ

రేవుల సమాచార అధికారి గారికి, కువాలా గాపాంగ్ రేవు నుండి రైహానా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

నేను బడికి పోయింది నాలుగేళ్లే. నా చేతివ్రాతను, తప్పులను మన్నించగలరు.

విషయం: రేడియో గదిలో ఊడిన తీగను తిరిగి పెట్టించుట గురించి.

1. మా రేవు రేడియో గదిలో రెండు మోడెంలు కలవు. పట్నం నుండి వచ్చే గాలివాన హెచ్చరికను మైకుకు, పడవల రేడియోలకు అందించేవి అవే. ఒకటి ఆగితే రెండవది అందుకోవాలి. రేడియో చూసేది మా బావగారు సఫ్వాన్. గది ఊడ్చేది నేను.

2. ఉపవాసాల నెలలో తమ మనుషులు పరీక్షకు వచ్చారు. మొదటిదాని తీగ ఊడదీయగా రెండవది వెంటనే అందుకున్నది. అంతలో అజాన్ వినిపించింది. పొద్దుటి నుండి నోట నీటిచుక్క లేనివారు. సంతకాలు చేసి ఖర్జూరాల పళ్లెం దగ్గరికి పరుగెత్తారు. ఆ పళ్లెం పెట్టింది నేనే. తిన్నాక అటునుండి అటే వెళ్లిపోయారు. తీగ అలాగే ఉండిపోయింది.

3. పండుగ వెళ్లినా అది వేలాడుతూనే ఉన్నది. బావగారికి చెప్పాను.

"ఇంజనీరమ్మ వచ్చిందండోయ్! రెండోది వెలుగుతోందిగా? ముట్టుకోవద్దని వాళ్లు ముందే చీటీ అంటించారు. రెండూ బాగున్నాయని నేనూ సంతకం పెట్టేశాను. ఇప్పుడు నోరెత్తితే నన్ను ఇంటికి పంపుతారమ్మా" అన్నారు.

4. మొన్న బుధవారం ఆ రెండవది ఆగిపోయినది. అందుకోవడానికి మొదటిది లేదు. గాలి లేచినా మైకు పలకలేదు. నా భర్త ముఖ్లిసిన్ పక్కచెక్క పగిలిన పడవతో ఒడ్డుకు వచ్చారు.

"మా అన్న మైకు చేత కూడా ఉపవాసం చేయిస్తున్నాడేమే?" అని నవ్వారు. నిజం చెబితే అన్నదమ్ములు కొట్టుకుంటారని ఊరుకున్నాను.

బావగారు ఆ రెండవదాన్ని ఒకసారి ఆపి, తిరిగి వేస్తే మళ్లీ వెలిగింది. కానీ నాకు నిలకడ లేదు. పొయ్యి మీద కూర వదిలి దాని పచ్చదీపం చూసి వస్తున్నాను. "ఆ గదిలో పసిబిడ్డనేమైనా పడుకోబెట్టావా?" అంటున్నారు అత్తగారు.

5. కావున శుక్రవారం మనుషులను పంపగలరు. ఆ రోజు మా వాళ్లెవరూ సముద్రం మీదికి పోరు. ఒకదాన్ని తీసి రెండవది, రెండవదాన్ని తీసి మొదటిది చూడాలి. రెండు తీగలూ తిరిగి పెట్టాకే గది విడవాలి. ఖర్జూరాలు ఆ తరువాతే ఇస్తాను.

ఈ మనవిని తమ చిత్తమున ఉంచుకొనవలెను.

తమ విధేయురాలు,
రైహానా

మరొక మాట: బావగారి పేరు వ్రాశాను. ఈ కాగితం ఎవరి కంటా పడనీయకుండా కాల్చేయండయ్యా. ఇప్పుడే కాదు. శనివారం తెల్లారితే మా ఆయన మళ్లీ సముద్రం మీదికి వెళ్తారు. ముందు తీగ పెట్టించండి, అప్పుడు కాల్చండి.